బిందె ఒకటి, నీళ్లతో సహా

మా వంటింట్లో సగం గిన్నెలు ఊళ్లోవాళ్ల పేర్లతో ఉంటాయి. పప్పుగిన్నె మీద మా పాత హెడ్మాస్టరు దంపతులుంటారు. పెరుగుగిన్నె మీద మా పక్కింటి పెద్దమ్మగారు ఉంటారు. ఇడ్లీపాత్ర మీద, మా గృహప్రవేశానికి వచ్చి వంకాయకూరలో ఉప్పు ఎక్కువైందని ముగ్గురికి చెప్పి వెళ్లిన మా ఆయన ఆఫీసు గుమాస్తా ఉంటాడు. శుభకార్యానికి స్టీలు సామాను ఇస్తే, ఇచ్చినవాళ్ల పేరు దానిమీద కొట్టించి ఇవ్వడం మా వైపు మర్యాద. అందుచేత ఇడ్లీ వండిన ప్రతిసారీ ఆ గుమాస్తాను తలుచుకోక తప్పదు.

ఆ పేర్లన్నీ ఒకే చేతివి. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క, అలా అక్షరమయ్యేదాకా. ఆ చెయ్యి ఇక లేదని తిరువూరు నుంచి మా పాత స్కూలు అటెండరు ఫోను చేసినప్పుడు నేను ఆ పెరుగుగిన్నే తోముతున్నాను. ఏడవాలో తోమడం పూర్తిచేయాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరందరి పేర్లూ కొట్టిన మనిషి తన పేరు ఒక్క గరిటె మీదైనా కొట్టుకోలేదు. ఇప్పుడు నేను కొడతానంటే ఒప్పుకోరు.

తిరువూరుకి సైన్సు టీచరుగా బదిలీ అయి వెళ్లిన కొత్తలో, అంటే తొంభైల చివర, టిఫిను క్యారేజీ కొన్నాను. మెయిన్ రోడ్డులో స్టీలు సామాను కొట్టు. దాని ముందు అరుగు మీద చిన్న పీట, పీట మీద ఆయన. చేతిలో పెన్నులాంటి కరెంటు మిషను. అది ఆన్ చేస్తే కందిరీగలా గుయ్యిమనేది. క్యారేజీ ఆయన ముందు పెట్టి, నా పొడి అక్షరాలు రెండూ కొట్టెయ్యండి చాలు, తొందరగా వెళ్లాలి అన్నాను. ఆయన మిషను ఆపేశారు. కళ్లజోడు ముక్కు చివరికి దించి నన్ను చూశారు.

"పొడి అక్షరాలు పోలీసు స్టేషన్లో ఫైలుకి బాగుంటాయండి. అన్నం తినే గిన్నెకి మనిషి పేరుండాలి."

తర్వాత మూడు ప్రశ్నలు అడిగారు. ఎవరిది, ఎవరిచ్చారు, ఏ సందర్భం. నాది, నేనే కొనుక్కున్నాను, సందర్భం ఆకలి అన్నాను. ఆ రోజుల్లో నా నాలుక అలాగే ఉండేది. ఆయన నవ్వలేదు. ఆకలి శుభకార్యం కిందికి రాదు కాబట్టి తేదీ వెయ్యక్కర్లేదని తేల్చి, నాలుగు గిన్నెల మీదా విడివిడిగా పేరు కొట్టారు. ఒక్కదానిమీద చాలదా అంటే, క్యారేజీ కాడ ఊడిందంటే నాలుగూ నాలుగు ఇళ్లకి పోతాయని చెప్పారు. చివర 'గారు' కూడా తగిలించారు. ఎవరి క్యారేజీ మీద వాళ్లే గారు అని కొట్టించుకుంటే ఊళ్లో నవ్వరా అని నేను గొడవపెట్టుకున్నాను. ఆయన కూలి అక్షరానికి ఇంత అని ఉండేది, కానీ గారుకి తీసుకునేవారు కాదట. అది ఉచితమని చెప్పి, అది నేను పెట్టేది, మీరు పెట్టుకునేది కాదు అని కూడా చెప్పారు.

అప్పటికీ వదల్లేదు. పేరు కొట్టాక కొత్త గుడ్డతో తుడిచి గిన్నె మన చేతికిచ్చేవారు. దాని మీద బొటనవేలు పెట్టి రాయాలి. పైకి చదవాలి. అప్పుడు ఆయన, "సరిగ్గా ఉందా?" అని అడిగేవారు. సరిగ్గా ఉందండి అనేదాకా అరుగు దిగనిచ్చేవారు కాదు. నడిబజార్లో నా పేరు నేనే నాలుగుసార్లు, గారుతో సహా, పైకి చదువుకున్నాను. నా ఎనిమిదో తరగతి పిల్లలు ఎదురుగా సోడా బండి దగ్గర నిలబడి విన్నారు. ఆ ఏడాదంతా నాకు క్లాసులో పరువు లేదు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఒకసారి కొట్టిన పేరు అరగదీసేవారు కాదు. పెళ్లిలో బిందె ఇచ్చిన బాబాయితో పొలం గట్టు దగ్గర చెడుతుంది. ఇంకేముంది, ఆ పేరు చూస్తూ నీళ్లు తాగలేమని బిందె పట్టుకొచ్చేవాళ్లు. ఆయన వాళ్ల కథంతా విని, ఆ పేరు మీదుగా పూలతీగ అల్లేవారు. ఆకులు, మొగ్గలు, ఒక చిలక. ఎంతో అందంగా ఉండేది. కానీ ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరింట్లోనైనా గిన్నె మీద పూలతీగ కనబడితే దాని కింద ఒక తగాదా ఉందని. నేను ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు పూలు లెక్కపెట్టేదాన్ని. రెడ్డిగూడెంలో ఒక మామిడితోట ఆసామి ఇంట్లో అయితే వడ్డించిన గిన్నెలన్నీ పూలవనమే.

ఇలాంటి మనిషి ఒక చిత్రకళా ప్రదర్శనకి ఎలా వెళ్లారో చెప్పాలి.

అప్పటికి నేను ఆ ఊళ్లో ఏడెనిమిదేళ్ల పాతదాన్ని. విజయవాడ నుంచి పర్యావరణం సంస్థ ఒకటి స్కూలుకి కాగితం పంపింది. వాతావరణ మార్పు మీద ప్రదర్శన పెడుతున్నారు. ఊరికొక్కటి చొప్పున ఏదైనా కళాకృతి పంపాలి. మీ ఊళ్లో ఏం మారిందో అందులో కనబడాలి. ఒక్కరు చేసింది తీసుకోరు, కనీసం ఇరవైమంది చెయ్యి పడాలి. సైన్సు టీచర్ని కాబట్టి ఆ కాగితం నా నెత్తిన పడింది. నేను ఆ చివరి షరతు పట్టించుకోకుండా వెంటనే పిల్లలకి బొమ్మల పోటీ పెట్టేశాను. నలభై బొమ్మలు వచ్చాయి. ముప్పైరెండింటిలో భూగోళం నోట్లో థర్మామీటరు పెట్టుకుని జ్వరంతో పడుకుని ఉంది. మిగతా ఎనిమిదింటిలో మంచు కరిగిపోతూ తెల్ల ఎలుగుబంటి ఏడుస్తోంది. మే నెలలో తిరువూరు బస్టాండులో నిలబడి మంచు గురించి ఏడ్చే పిల్లల్ని చూసి నాకు ముచ్చటేసింది. మొదటి బహుమతి ఎలుగుబంటికే ఇచ్చాను.

బహుమతులకి స్టీలు పళ్లేలు కొన్నాను. పేర్లు కొట్టించడానికి అరుగెక్కితే మళ్లీ అవే మూడు ప్రశ్నలు. సందర్భం కింద విజయవాడ కాగితం సంగతి చెప్పి, చంకలో ఉన్న బొమ్మ చూపించాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు.

"ఈ ఎలుగుబంటి మన ఊరిదేనాండీ?"

కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది. మన ఊళ్లో ఏం మారిందో చెప్పమన్నారు కదా అని ఆయన అన్నారు. అప్పుడు నేను నాలోని సైన్సు టీచర్ని బయటికి తీశాను. గాలిలో బొగ్గుపులుసు వాయువు, సముద్రమట్టం, అన్నీ నల్లబల్ల లేకుండానే చెప్పేశాను. ఆయన పళ్లెం మీద చుక్కలు పెట్టుకుంటూ విన్నారు. అంతా విన్నాక, అవన్నీ నాకు తెలియవండి, నాకు తెలిసిందల్లా బిందెలు అన్నారు.

బిందెల కథ ఇది. ఆయన ఆ అరుగెక్కిన తొలిరోజుల్లో ఏడాదికి పదో పదిహేనో బిందెల మీద పేర్లు కొట్టేవారట. అవన్నీ పెళ్లిళ్లవే, దగ్గర్లోని నెమలి అనే ఊళ్లో వేణుగోపాలస్వామి గుళ్లో పెళ్లి చేసుకునేవాళ్లవి ఎక్కువ. తర్వాత తర్వాత ఎండాకాలంలో బిందెలు రావడం మొదలైంది. వానలు ముఖం చాటేసి, బోర్లు ఎండి, ట్యాంకరు వచ్చే వీధుల్లో బిందెలు తారుమారయ్యేవి. తారుమారైతే జుట్లు పట్టుకునేవాళ్లు. అందుకని అందరూ బిందె మీద పేరు కొట్టించుకునేవాళ్లు. ఒక ఎండాకాలమైతే, ఊరందరూ గుర్తుపెట్టుకున్న ఆ పాడు ఎండాకాలం, ఆయన అరుగు ముందే బిందెల లైను తయారైంది. పొద్దున్నుంచి సాయంత్రందాకా తల ఎత్తలేదట.

"ఆ ఏడాదే మా ఇంటికి ఫ్రిజ్జొచ్చిందండి," అన్నారు. "ఊరికి నీళ్లు లేకపోతే నాకు బేరం. మా ఆవిడ అందులోంచి చల్లటి నీళ్లిస్తే గొంతు దిగేవి కావు. ఇప్పుడందరూ మర్చిపోయారు. రెండు వానలు పడితే చాలు, మనవాళ్లు మర్చిపోతారు. నేను మర్చిపోకూడదు కదండీ."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కారణం ఉంది. ఆ ఎండాకాలం మా ఇంటి బోరులో నీళ్లున్నాయి. మొదట్లో వీధివాళ్లకి ఇంటికి రెండేసి బిందెలు ఇచ్చాను. తర్వాత మోటారు కాలిపోతుందని చెప్పి గేటుకి తాళం వేశాను. మోటారు బాగానే ఉంది. నాకే భయమేసింది, మాకు లేకుండా పోతాయని. గేటు బయట బిందెల చప్పుడు వినబడితే రేడియో పెంచుకునేదాన్ని. పిల్లలకి నీటి పొదుపు మీద పాఠం చెప్పింది కూడా ఆ నెల్లోనే.

ఎలుగుబంటిని పక్కనపెట్టేశాం. తిరువూరు తరఫున బిందె వెళ్లాలని తీర్మానమైంది. పెద్ద స్టీలు బిందె ఒకటి ఆయనే కొన్నారు. దానిమీద అడుగు నుంచి మెడదాకా, మెలికలు తిరుగుతూ, వేలిగోరంత చిన్న చిన్న బిందెలు వరుసగా చెక్కారు. ఆ ఎండాకాలం ట్యాంకరు దగ్గర నిలబడ్డ లైను అది. ప్రతి చిన్న బిందె కింద ఒక పేరు ఉండాలి. ఇక్కడే చిక్కు వచ్చింది. ఇరవైమంది చెయ్యి పడాలి అంటే ఇరవైమంది ఆ మిషను పట్టుకోవాలి.

ఆ మిషనుని ఆయన ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తే జేబులో వేసుకుని వెళ్లేవారు. పెళ్లై ముప్పయ్యేళ్లైనా నన్నూ ముట్టుకోనివ్వలేదని వాళ్లావిడ నాకు చెప్పింది. ఆవిడ మనిషి చిన్నది, మాట పెద్దది. ఈయన నిబంధన కాగితం రెండుసార్లు చదివించుకున్నారు. మూడోసారి కూడా చదవమన్నారు, ఈలోగా ఏమైనా మారుతుందేమోనని. మారలేదు. చివరికి ఒప్పుకున్నారు. ఎవరి పేరులో మొదటి అక్షరం వాళ్లు కొట్టాలి, మిగతాది ఆయన పూర్తిచేస్తారు.

మూడు సాయంత్రాలు ఆ అరుగు మీద జాతర. ఆ లైనులో నిలబడ్డవాళ్లందరూ వచ్చారు. రాగానే మొదలైన తగాదా ఏమిటంటే, లైనులో ముందెవరు. ఏళ్లు గడిచినా ఒక్కరూ తగ్గలేదు. నేను నీకంటే ముందున్నాను, నువ్వే మధ్యలో దూరావు అని ఇద్దరు తోడికోడళ్లు కొత్తగా మాటలు మానేశారు. ఈయన కళ్లు మూసుకుని, పేర్లు కొట్టించుకోవడానికి ఎవరు ఏ వరుసలో వచ్చారో గుర్తుచేసుకుని తీర్పు చెప్పారు. ఎవరూ ఎదురుచెప్పలేదు, గిన్నెల విషయంలో ఆయన జ్ఞాపకానికి తిరుగులేదు.

ఒక్కొక్కరూ మిషను పట్టుకుంటుంటే ఆయన వాళ్ల మణికట్టు పట్టుకుని కూర్చునేవారు. మిషను గుయ్యిమంటే వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు, అక్షరం కొండెక్కేది. ఆయనకి నుదుటిమీద చెమట. కూరగాయలమ్మే ఒకావిడ కొట్టిన అక్షరం కొక్కెంలా వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. దానిమీద పూలతీగ అల్లెయ్యాలని చెయ్యి ఎంత గుంజుకుందో నాకు తెలుస్తూనే ఉంది. కానీ అల్లలేదు. ఆవిడ దానిమీద వేలు రాసి, చదువుకుని, సరిగ్గా ఉందని చెప్పి దిగింది.

వాళ్లావిడ వంతు వచ్చింది. మణికట్టు పట్టుకోబోతే, అక్కర్లేదు వదలండి అంది. ఒక్క అక్షరం కాదు, పేరంతా కొట్టేసింది. ముత్యాల్లా వచ్చాయి. ముప్పయ్యేళ్లు ఎదురుగా కూర్చుని టీ ఇస్తూ చూసిన చెయ్యి మరి. ఈయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆ సాయంత్రం టీ రెండుసార్లు అడిగి తాగారు.

నేను మూడు సాయంత్రాలూ అక్కడే తిరిగాను. కాగితం చదివింది నేను, పోటీ పెట్టింది నేను, నన్ను ఒక్క అక్షరం కొట్టమనలేదు. మూడోరోజు ఉండబట్టలేక సరదాగా అన్నట్టు అడిగాను, నా పేరెక్కడండీ అని. ఆయన మిషను వైరు చుట్టుకుంటున్నారు.

"మీరు లైన్లో లేరు కదండీ టీచరుగారూ," అన్నారు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే లేను కదా అన్నట్టు అన్నారు, అంతే. అదే ఎక్కువ కాలింది.

మెడ దగ్గర, లైను చివర, ఒక చిన్న బిందె కింద ఏ పేరూ లేదు. దానికి పేరు మర్చిపోయారా అని, మాట మార్చడానికి అడిగాను. లేదండీ, లైను ఇంకా అయిపోలేదు కదా అన్నారు.

బిందె విజయవాడకి తీసుకువెళ్లడం ఇంకో ప్రహసనం. ఖాళీ బిందెతో ఇంట్లోంచి బయల్దేరరు, ఖాళీ బిందె ఎవరికీ ఇవ్వరు. గిన్నె ఇచ్చేటప్పుడు గుప్పెడు బియ్యమైనా వేసి ఇవ్వాలి, బిందెలో నీళ్లుండాలి. ప్రదర్శనకి ఇచ్చేది వస్తువండీ, చదివింపు కాదు అని నేను ఎంత చెప్పినా వినలేదు. సగందాకా నీళ్లు పోసి, మూత పెట్టి, గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నారు. మైలవరం వచ్చేసరికి ఆయన పంచె, నా చీర, ముందు సీటు ముసలాయన వీపు తడిశాయి. కండక్టరు వచ్చి ఏంటండీ ఇది అన్నాడు. తిరువూరు అని చెప్పారు ఈయన. కండక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

హాల్లో బల్ల వెనక ఒక అమ్మాయి వస్తువులు తీసుకుని చీటీలు రాస్తోంది. బిందె ఒకటి అని రాసింది. ఈయన ఊరుకోలేదు. నీళ్లతో సహా అని రాయమన్నారు. ఎందుకండీ అంటే, ఇచ్చింది ఇచ్చినట్టు రాయాలి కదమ్మా అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, 'బిందె ఒకటి, నీళ్లతో సహా' అని రాసి, చీటీ బిందె మెడకి కట్టింది. ఊరి పేరు రాయడం మర్చిపోయింది. మేం కూడా చూసుకోలేదు.

తర్వాతి ఆదివారం ప్రదర్శన. ఈయన ఇస్త్రీ చొక్కా, వాళ్లావిడ పట్టుచీర, నేను. హాలునిండా జనం, ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్క. గోడలనిండా భూగోళాలు, నోళ్లలో థర్మామీటర్లు. మా పిల్లల్నే అనుకున్నాను, జిల్లా అంతా అంతే. ఎలుగుబంట్లు అయితే మందలు. అన్నీ చూశాం. మా బిందె లేదు.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మళ్లీ మొదట్నుంచి చూసుకుంటూ వచ్చారు. ఈసారి బల్లల కింద కూడా వంగి చూశారు. నచ్చలేదేమోనండీ, అక్షరాలు వంకరగా ఉన్నాయి కదా అన్నారు మెల్లగా. ఊరికి పెద్దమనిషిలాంటి ఆయన్ని ఇంతదూరం తీసుకొచ్చి, ఇస్త్రీ చొక్కా వేయించి, బల్లల కింద వెతికించాను. అంతలో నీళ్లకోసం బయటికి వెళ్లిన వాళ్లావిడ మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"మన బిందె బయటుంది. నీళ్లు చల్లగానే ఉన్నాయి."

వరండాలో ఎత్తు స్టూలు మీద ఉంది. మూత మీద గ్లాసు. నిండా నీళ్లు. చీటీ చూసినవాళ్లు అది తాగడానికి ఎవరో పంపిన నీళ్లనుకున్నారు. నాకు తిక్కరేగింది. ప్రదర్శన నడిపే కుర్ర సారుని పట్టుకుని ఒక క్లాసు పీకాను. పాపం, మంచివాడు. క్షమించమని, బిందె ఖాళీ చేయించి, తుడిపించి, హాలు మధ్యలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టించాడు. ముందు అట్టముక్క మీద ఊరి పేరు, దాని కింద 'దయచేసి ముట్టుకోవద్దు'. నేను గెలిచినట్టు నిలబడ్డాను.

ఆయన ఆ బిందె ఎదురుగా ఓ పావుగంట ఉన్నారు. జనం వచ్చారు, ఓహో బిందె అనుకున్నారు, ఎలుగుబంటి వైపు వెళ్లారు. ఇంకొందరు వచ్చారు, వెళ్లారు. ముట్టుకోవద్దని రాసి ఉంది కాబట్టి ఎవరూ వంగలేదు. ఆయన నా దగ్గరకొచ్చారు.

"టీచరుగారూ, ఇక్కడ చూసి వెళ్లిపోతున్నారండి. ఇందాక బయటున్నప్పుడు నీళ్లకోసం నిలబడి, తమ వంతు వచ్చేదాకా పేర్లు చదువుకున్నారు. నేను చూశాను. దీన్ని మళ్లీ నీళ్ల దగ్గర పెట్టించండి."

నేను వద్దన్నాను. మీకు అర్థం కావట్లేదండీ, ఇది గౌరవం, అది అవమానం అన్నాను. ఖాళీ బిందె నడిహాల్లో పెట్టడం ఏ ఊళ్లో గౌరవమండీ అని అడిగారు. ఆయనే బిందె భుజానికెత్తుకుని బయటికి నడిచారు. కుర్ర సారు అట్టముక్క పట్టుకుని వెనకే పరుగెత్తాడు.

బిందె మళ్లీ నింపించి, ఆ మధ్యాహ్నమంతా ఆయన ఆ స్టూలు పక్కన పెళ్లివారి మనిషిలా నిలబడి, వచ్చినవాళ్లందరికీ నీళ్లు ముంచి ఇచ్చారు. ఏ ఊరండీ మీది, మీకు ట్యాంకరు వస్తుందా అని అడిగారు. ముగ్గురు వెనక ముగ్గురు, నీళ్లకోసం లైను కట్టి, బిందె మీది లైను చదివారు. కొక్కెంలాంటి అక్షరం దగ్గర ఒకతను ఆగి ఇదేంటండీ అంటే, అది కూరగాయలమ్మే ఆవిడదండీ, రెండో వరస అని చెప్పారు. ఇది చేసిందెవరని ఎవరో అడిగారు. లైన్లో వాళ్లేనండీ అన్నారు. బహుమతి ఏదో ఎలుగుబంటికి వచ్చింది. తిరుగు బస్సులో వాళ్లావిడ, నా అక్షరాలు మాత్రం ఎవరూ ఇదేంటని అడగలేదు అని రెండుసార్లు అంది. ఈయన నిద్ర నటించారు.

ప్రదర్శన అయ్యాక బిందె తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంది. దారినపోయేవాళ్లకి నీళ్లు.

రెండు ఎండాకాలాలు గడిచాక మా బోరు కూడా ఎండిపోయింది. మోటారు వేస్తే గాలి వచ్చింది. ఈసారి మోటారు నిజంగానే కాలింది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదోరోజు ఎర్ర ప్లాస్టిక్ బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడ్డాను. ముఖం మీద కొంగు కప్పుకున్నాను, ఎండకని. నా ముందు కూరగాయలావిడ. రండి టీచరుగారూ అని చోటిచ్చింది, అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అంతలో సైకిలు మీద ఈయన వెళ్తూ ఆగారు. నన్ను చూశారు, బిందెని చూశారు.

"ప్లాస్టిక్ మీద పేరు నిలవదండీ టీచరుగారూ," అనేసి బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నెలరోజులు ఆ అరుగు వైపు వెళ్లలేదు. తర్వాత బదిలీ వచ్చింది, సామాను సర్దడం, విజయవాడలో ఇల్లు వెతకడం. చెప్పి వెళ్దామని ఒకసారి వెళ్లాను కానీ అరుగు మీద పెళ్లి సామాను గుట్టగా ఉంది, ఆయన తల ఎత్తలేదు. మళ్లీ వద్దాంలే అనుకున్నాను. మళ్లీ వెళ్లింది ఇప్పుడు, ఆయన లేనప్పుడు.

పెద్దకర్మకి ముందురోజు వెళ్లాను. వాళ్లావిడ ఏడవలేదు. ఎండన పడి వచ్చారు, ముందు నీళ్లు తాగండి అంది. మూలన ఆ బిందె, దానిమీద గ్లాసు. అన్నేళ్లూ వచ్చేపోయేవాళ్ల చేతులు తగిలి మెరుపు పోయింది కానీ చుక్కలు పోలేదు. నేనే ముంచుకుంటానని దగ్గరికి వెళ్లాను. అలవాటు చొప్పున పేర్లు చదువుకుంటూ వచ్చాను. కొక్కెం అక్షరం. మాటలు మానేసిన తోడికోడళ్లు. వాళ్లావిడ ముత్యాలు. మెడ దగ్గర లైను చివర, పేరు లేని ఆ చిన్న బిందె.

దాని కింద పేరుంది. నా పేరు, చివర 'గారు'.

"మీరు ట్యాంకరు దగ్గర నిలబడ్డ రోజు సాయంత్రమే కొట్టారు," అంది ఆవిడ వెనక నుంచి. మీకు కబురు చేస్తానంటే వద్దన్నారట. నీళ్లు తాగడానికి వస్తారు కదా, అప్పుడు చదువుకుంటారని అన్నారట. నీళ్లు తాగడానికి నేను వెళ్లలేదు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ అరుగెక్కి నీళ్లు అడగలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు, ఆపుకోలేదు.

ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టింది. నేను బొటనవేలు పెట్టి ఆ చుక్కల మీద రాశాను. గారుని కూడా తడిమాను. వేలు ఇంకొంచెం ముందుకు వెళ్లింది. నా పేరు పక్కన ఇంకో చిన్న బిందె చెక్కి ఉంది, కొత్తది. దాని కింద ఏ పేరూ లేదు.

"సరిగ్గా ఉందా అండీ?" అని అడిగింది ఆవిడ.

పైకి చదివాను, గారుతో సహా. సరిగ్గా ఉందండి అన్నాను.